చెవికెక్కని చవక స్పీకర్లు

"మంచి వూఫర్ వచ్చిందన్నావుగా అన్నా, ఇవాళే వచ్చి తీసుకుంటా," అని అక్సా బాల్కనీలో ఫోన్లో చెబుతోంది. వంటింట్లో కుక్కర్ కూతకీ, కింద రెజిమెంటల్ బజార్ ఆటోల మోతకీ మధ్య నలిగి, ఆ మాట వాళ్లమ్మ డోరా చెవిని చేరేసరికి వూఫర్ కాస్తా ఆఫర్ అయిపోయింది.

డోరా చేతిలో గరిటెతోనే హాల్లోకి పరుగెత్తింది. "ఏవండీ, పిల్లకి ఆఫర్ వచ్చిందట. ఇవాళే తీసుకుంటుందట."

లూకా అప్పటికి గడ్డం సగం గీసుకున్నాడు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు, ఇరవై ఏళ్లుగా చర్చి క్వయర్‌కి నాయకుడు. ఆయనకి సంతోషం వస్తే ప్రార్థన వస్తుంది, ప్రార్థన వస్తే ఓ పట్టాన పోదు. ముందు పాస్టర్ గారికి ఫోన్లో శుభవార్త చెప్పేశాడు. తర్వాత అందరినీ ఇడ్లీల ముందు కూర్చోబెట్టి, సగం గడ్డం నురగతోనే కళ్లు మూసుకున్నాడు. ఆఫర్ ఇచ్చిన కంపెనీని, దాని మేనేజర్‌ని, ఆ కంపెనీకి వెళ్లే బస్సుని సైతం దీవించి ఆమెన్ అనేసరికి ఇడ్లీలు చల్లారాయి, నురగ ఆరింది.

"ఏ ఆఫర్ డాడీ?" అంది అక్సా కళ్లు తెరిచి. "నేనన్నది వూఫర్. స్పీకర్లో గుండ్రంగా ఉంటుందే, అది. ఇంట్లో మిక్సింగ్ చేసుకోవడానికి చవకలో స్పీకర్లు చూశా."

"ఇంట్లో మిక్సీ ఉండగా మళ్లీ మిక్సింగ్ ఒకటా," అన్నాడు లూకా. మాట హాస్యమే గానీ మొహంలో ఆ ఛాయ లేదు. నాలుగు నెలల కిందట అక్సా ఇన్సూరెన్స్ ఆఫీసు మానేసి, ఇంట్లో కూర్చుని పాటలు చక్కదిద్దే పని పెట్టుకున్నప్పటి నుంచి ఆయన జోకుల్లో ఉప్పు తగ్గి కారం పెరిగింది. "చర్చి వార్షికోత్సవం దాకా చూస్తా. నువ్వు రికార్డు చేసిన మా క్వయర్ పాట కుదిరిందా, నీ ఇష్టం. కుదరలేదా, మళ్లీ ఆఫీసే."

"సరే డాడీ."

ఆ పాటలో మొదటి చరణం పాడింది లూకా అక్క సువార్త. డెబ్బై ఎనిమిదేళ్ల గొంతు. వచ్చే ఏడాది పాడగలనో లేదో అని రికార్డింగ్ రోజున ఆవిడే అంది.

మధ్యాహ్నం డోరా కూతురి వెంట రాజేందర్ దుకాణానికి వెళ్లింది. ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లకీ, వాళ్ల చర్చికీ మైకుసెట్టు పెట్టేది అతనే. ముందుగా రంగు లైట్లు వెలిగే పెద్ద జత మోగించాడు. డోరా గుండె కూడా దాంతోపాటే దరువేసింది.

"ఇవే తీసుకో అక్సా. వింటుంటే కడుపు నిండినట్టుంది."

"గవి వద్దక్కా," అన్నాడు రాజేందర్. "గవిట్ల ఏ పాటేసినా మంచిగనే ఇనిపిస్తది. పెండ్లిల నడుస్తయి, ఈ పిల్ల పనికి నడువయి."

తర్వాత బియ్యం డబ్బాలంత నల్లటి చిన్న జత పెట్టాడు. ధర వాటిలో సగం. అక్సా తన రికార్డింగే వేసి వింది. ఎవరో పుస్తకంలో పేజీ తిప్పడం, బెంచీ కిర్రుమనడం, లూకా గొంతు సవరించుకోవడం, అన్నీ వినిపించాయి.

"తప్పులన్నీ బయటపెడుతున్నాయే ఇవి," అంది డోరా.

"అందుకే కావాలి మమ్మీ. పొగిడేవాళ్లు మనకి చర్చి నిండా ఉన్నారు. ధర తగ్గినా దరువు తప్పకపోతే చాలు."

ఇంటికొచ్చి అక్సా వాటిని బల్ల మీద గోడకి జానెడు ఎడంగా పెట్టి, చెవుల ఎత్తుకి వచ్చేలా కింద పుస్తకాలు పేర్చి, స్నానానికి వెళ్లింది. దుమ్ము తుడవబోయిన డోరాకి ఒక్కో స్పీకర్ వెనక ఒక గుండ్రటి బొక్క కనిపించింది. నిరుడు ఇలాంటి సందులోంచే టీవీ డబ్బాలోకి బొద్దింకలు దూరి కాపురం పెట్టాయి. వెంటనే లూకా పాత బనీను చింపి, ఉండలు చుట్టి, రెండింటిలోనూ గట్టిగా కుక్కేసింది. పిల్ల ముచ్చటపడి కొనుక్కున్న వస్తువు, పదికాలాలు ఉండాలి కదా. అంతలో చింతపండు నానబెట్టలేదని గుర్తొచ్చి, ఈ సంగతి మరిచిపోయింది.

షాపులో ఉన్న నిండుదనం ఇంట్లో లేదేమిటా అనుకుంది అక్సా. గది తీరేమోలే అని, పాటలో బేస్ దరువు పెంచింది. చాల్లేదు. ఇంకా పెంచింది.

వార్షికోత్సవానికి వారం ముందు, శనివారం సాయంత్రం, చర్చిలో రాజేందర్ సెట్టు మీద పాట వేసి చూశారు. కిటికీ అద్దాలు వణికాయి. తబలా, ఆర్గాన్ ఏనుగుల్లా నడిచొచ్చాయి. వాటి కాళ్ల కింద ఎక్కడో సువార్త గొంతు నలిగిపోయింది. ఆవిడ చెవి మిషన్ సవరించుకుని, "నేను పాడింది ఇంకా రాలేదా తమ్ముడూ?" అని అడిగింది.

లూకా ఇంటికొచ్చేదాకా ఆగాడు. "మా అక్క గొంతు మాయం చేశావు. చవక స్పీకర్లు, చవకబారు పని. సోమవారం ఆఫీసుకి ఫోన్ చెయ్యి."

"నాకిక్కడ అలా వినపడలేదు డాడీ," అంది అక్సా. "స్పీకర్లని అని ఏం లాభం, నా చెవికే చేతకాలేదేమో."

ఆ మాట డోరాకి ముల్లులా దిగింది. అయిదేళ్లప్పుడే కుక్కర్ కూత ఏ స్వరంలో ఉందో చెప్పిన పిల్ల అది.

సోమవారం పొద్దున్నే, అక్సా ఫోన్ చేస్తే, స్పీకర్లు వాపసు తీసుకుపోవడానికి రాజేందర్ వచ్చాడు. ఒకదాన్ని చేతుల్లోకి తీసుకుని, తిప్పి చూసి, ఆగిపోయాడు.

"దీని ముక్కుల గుడ్డలెవరు వెట్టిన్రక్కా? ఇంక బతికే ఉంది గదా."

"బొద్దింకలు దూరతాయని నేనే పెట్టా," అంది డోరా. "ఏం, తప్పా?"

"దీని దమ్మంత గీ బొక్కలకెల్లే వస్తదక్కా. మూస్తే బేస్ పడిపోతది. పిల్లేమో తక్కువుందని పెంచుకుంట పోయింది. ఇంట్ల సరిపోయింది, చర్చిల పేలింది."

ఉండ విప్పి చూశాడు లూకా. "ఇది నా బనీను," అన్నాడు. డోరా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా చేతులతో నేనే నీ పని చెడగొట్టానే," అంటూ ఏడుస్తుంటే అక్సా వచ్చి వాటేసుకుంది. "పోనీ మమ్మీ, ఒక్క బొద్దింకైనా దూరిందా చెప్పు," అని ఏడుపులోనే నవ్వించింది.

వెంటనే బల్ల ముందు కూర్చుని పెంచిందంతా దించసాగింది. లూకా స్టూలు లాక్కుని వెనకే కూర్చున్నాడు. గంట గడిచాక సువార్త గొంతు ఏనుగుల కాళ్ల కిందినుంచి లేచి, దులుపుకుని, ముందుకొచ్చి నిలబడింది. చరణం చివర చిన్నగా వణికింది.

"ఆ వణుకు తీసెయ్యొచ్చు డాడీ. తియ్యనా?"

"ఉండనీ," అన్నాడు లూకా, కళ్లజోడు తుడుచుకుంటూ. "అది అక్క వయసు. ఆఫీసుకి ఫోనేం చెయ్యొద్దులే."

వార్షికోత్సవం నాడు పాట మోగుతుంటే సువార్త పక్కావిడ మోచెయ్యి పట్టుకుని, "ఇది నేనే," అని చెప్పింది. చెప్పిందే మళ్లీ చెప్పింది. పాట అయ్యీ కాగానే, అతిథులుగా వచ్చిన బొల్లారం చర్చి వాళ్లు తమ పాటలు కూడా చేసిపెట్టమని అక్సాకి కబురు పంపారు. ఈలోగా దేవుడు చేసిన మేళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. ఎన్నడూ లేవని డోరా లేచి నిలబడింది.

"మా అమ్మాయికి ఏ కంపెనీలో ఆఫర్ అని ఇన్ని రోజులుగా అందరూ అడుగుతున్నారు. కంపెనీ లేదు, ఆఫర్ లేదు. వూఫర్ అంటే నాకు అలా వినపడింది. పోయిన శనివారం ఈ కిటికీలు వణికింది అమ్మాయి తప్పు వల్ల కాదు. ఆ స్పీకర్ల వెనక మా ఆయన బనీను కుక్కింది నేను."

చర్చి గొల్లుమంది. ముగింపు ప్రార్థన చేయమని పాస్టర్ గారు లూకాకి సైగ చేశారు. ఇక గంట పడుతుందని జనం బెంచీల్లో సర్దుకు కూర్చున్నారు.

లూకా లేచి కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, స్పీకర్లలో గుడ్డలు తీయించావు. మా చెవుల్లోవి కూడా తియ్యి. ఆమెన్."