కంచె పక్కన లార్బీ గొంతు

ఊజ్దా పట్నం నుంచి తూర్పుకి పోతే, సరిహద్దు కంచెకి ఇవతల, ఎండిన వాగు ఒడ్డున ఒక పాడుబడ్డ ఇల్లుంది. దాని వెనక ఒక బావి. చీకటి పడ్డాక మా ఊరి కుక్కలు కూడా అటు పోవు.

రెండేళ్లుగా దానికి చెడ్డపేరు. తెల్లవారుజామున అక్కడ గిట్టల చప్పుడు వినిపిస్తుందట. ఆ చప్పుడుతో పాటు ఒక మగగొంతు... "నడువు... నడువు, తల్లీ..." అని. మనిషి మాత్రం కనిపించడట.

తప్పిపోయిన మేకని వెతుక్కుంటూ వెళ్లి మేకల కాపరి కద్దూర్ విన్నాడు. మూడు రోజులు జ్వరంతో మూలిగి, లేచి ఒకటే మాట చెప్పాడు — అది లార్బీ గొంతు.

లార్బీ ఆ వాగులో పడి చచ్చిపోయి అప్పటికి పద్దెనిమిదేళ్లు.

ఊళ్లో అందరికీ భయం పట్టుకుంది. మీమూన్‌కి మాత్రం ఒళ్లు మండింది.

మీమూన్‌కి డెబ్బై దాటాయి. ఒకప్పుడు అవతలి దేశం నుంచి గాడిదల మీద పెట్రోలు డబ్బాలు దొంగతనంగా దాటించినవాడు. తప్పుడు పనే. సగం ఊరు ఆ పని చేసింది, మానేసింది, మర్చిపోయింది. కందకం తవ్వి కంచె వేశాక తలా ఒక బతుకుతెరువు చూసుకున్నారు. మీమూన్ చూసుకోలేదు. ఆలివ్ గానుగలో కాపలా పని ఇస్తామంటే, "కాపలావాళ్ల కళ్లు కప్పినవాణ్ణి, నేను కాపలా కాయాలా?" అని ఉమ్మేసి వచ్చాడు.

ఇప్పటికీ రొట్టెల సంచీని కూడా దొంగసరుకులా కోటు కింద దాచుకుని దొడ్డిదారిన పోయేవాడు. గస్తీ జవాను జీపు ఆపి, "సలాం బాబాయ్, మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఎక్కు, దింపేస్తాను" అనేవాడు. సంచీ విప్పి చూపించమని ఒక్కడూ అడిగేవాడు కాదు. అలాంటి రోజు మీమూన్‌కి తిండి సహించేది కాదు.

అతనికి మిగిలింది ఒక్కటే — ఆ పనిలో తోడుగా ఉన్న లార్బీ చావు కథ. "నా చేతుల్లో పోయాడు. పోయేముందు పలికే కలిమా నేనే చెప్పించాను. కళ్లు నేనే మూశాను." ఈ మాటలు చెప్తున్నంతసేపూ టీ హోటల్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయేది.

ఇప్పుడు అది కూడా చేజారేలా ఉంది.

"బాబాయ్," అన్నాడు కద్దూర్ పుదీనా టీ ఊదుకుంటూ, "పక్కనుండి కలిమా చెప్పిస్తే మనిషి నిమ్మళంగా పోతాడు కదా. మరి లార్బీ ఎందుకు తిరుగుతున్నాడంటావ్?"

"తిరిగేది నీ బుర్ర."

"నా బుర్ర నా మేకల దగ్గరే ఉంది. అతనేమో నడువు, నడువు అంటున్నాడు. నిన్నేనేమో."

హోటలంతా నవ్వింది. యజమాని బూజెమా నవ్వు దాచుకోవడానికి తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాడు.

మీమూన్ లేచాడు. "రేపు పొద్దున వచ్చి చెప్తాను. అక్కడ ఏ దెయ్యమూ లేదని చెప్తాను. అప్పుడు నోరు మూసుకుంటావా?"

"నువ్వు తిరిగొస్తే మూసుకుంటాను, బాబాయ్."

ఆ రాత్రి వెన్నెల లేదు. ఒకప్పుడు పరిగెత్తిన దారిలో మీమూన్ నాలుగు చోట్ల కూర్చుని లేచాడు. రాళ్లని తిట్టాడు, కంచెని తిట్టాడు, మోకాళ్లని తిట్టాడు. పాడింటి గోడ పక్కకి చేరేసరికి నడిరాత్రి దాటింది.

కూర్చున్నాడు. చలి... గాలి... ఇంకేమీ లేదు.

"చూశావా," అనుకున్నాడు. "ఏమీ లేదు."

అప్పుడు, తెల్లవారబోతుండగా, వినిపించింది.

టక్... టక్... రాళ్ల మీద గిట్టలు.

ఆ తర్వాత గొంతు. సాగదీసినట్టు, బురద అడుగు నుంచి వస్తున్నట్టు — "న...డువు... నడువు, తల్లీ..."

లార్బీయే. ఆ "తల్లీ" అనే తీరు మరొకరికి రాదు.

మీమూన్ ఏదో ప్రార్థన మొదలుపెట్టాడు, మధ్యలో మర్చిపోయాడు. లేచి పారిపోదామని గోడ పట్టుకున్నాడు. గొంతు దగ్గరికి వచ్చింది... ఇంకా దగ్గరికి... గోడ మలుపు తిరిగింది —

గాడిద.

ముసలి గాడిద. దాని మెడకి గుడ్డతో కట్టిన చిన్న టేప్ రికార్డరు. లార్బీ గొంతు అందులోంచి వస్తోంది. వెనకాల నీళ్ల డబ్బా పట్టుకుని ఒక ఆడమనిషి.

"ఎవరది?" గుసగుసగా అడిగింది.

"నేను... మీమూన్‌ని."

"నువ్వా, అన్నా?" ఆమె టేపు ఆపింది. గాడిద ఉన్నచోటే ఆగిపోయింది. ఆమె యమీనా — లార్బీ భార్య. గుట్ట అవతల ఒంటరిగా బతుకుతోంది.

ఆ రోజుల్లో గాడిదలకి అదే పద్ధతి. యజమాని గొంతు టేపులో ఎక్కించి మెడకి కడితే, ఆ మాట వింటూ గాడిద తనంతట తానే సరిహద్దు దాటి ఇంటికి వచ్చేసేది. దారి కొత్తైన గాడిదకి మాత్రం మొదట్లో మనుషులు తోడు నడిచేవారు.

"మా వైపు బావి ఎండిపోయి రెండేళ్లైంది," అంది యమీనా. "పగలు కంచె దగ్గరికి రానివ్వరు. ఇదేమో ఆయన గొంతు వినకపోతే అడుగు వెయ్యదు. టేపు కూడా అరిగిపోయింది. ఇంకెన్నాళ్లో."

మీమూన్‌కి ప్రాణం లేచొచ్చింది. నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"దెయ్యం లేదన్నమాట. పొద్దున్నే చెప్తాను ఆ కద్దూర్‌గాడికి. వాళ్లొచ్చి నిన్ను అడిగినా చెప్పు, చెల్లెమ్మా — లార్బీ నా చేతుల్లోనే పోయాడని. గస్తీవాళ్ల దీపం వెలుగు మా మీద పడగానే లార్బీ కాలు జారింది. నేను తాళ్లు కోసేశాను, డబ్బాలు కింద పడేశాను, వాగులోకి దిగి వాడి తల ఒళ్లో పెట్టుకున్నాను..."

వెలుగు పడితే వెనకున్నవాడు తాళ్లు కొయ్యాలి, బరువు తగ్గితే గాడిద పరిగెత్తుతుంది. ఆ పని చేసేవాళ్లందరి కట్టుబాటు అది. ఆ రాత్రి వెనకున్నది మీమూన్.

యమీనా డబ్బా కింద పెట్టింది.

"ఆ రాత్రి ఇది నడుచుకుంటూ ఇంటికొచ్చింది, అన్నా. నాలుగు డబ్బాలూ దీని వీపు మీదే ఉన్నాయి. ముడులు నేనే విప్పాను. ఒక్క తాడూ తెగలేదు."

మీమూన్ గాడిద వీపు వైపు చూశాడు.

"పొద్దున ఆయన్ని మోసుకొచ్చినవాళ్లు చెప్పారు. ఒడ్డెక్కాలని తెల్లవార్లూ పాకినట్టుందట. గోళ్లనిండా మట్టి." ఆమె గొంతు పెంచలేదు. "ఏదో ఒక రోజు నువ్వే వచ్చి చెప్తావనుకున్నాను. పద్దెనిమిదేళ్లు ఎదురుచూశాను. నన్ను ఎవరూ అడగలేదు గనక ఊరుకున్నాను. అడిగితే అబద్ధం చెప్పలేను."

టేపు నొక్కింది. "నడువు... నడువు, తల్లీ..." గాడిద కదిలింది. ఆమె దాని వెనకే వెళ్లిపోయింది.

చాలా ఏళ్లకి, కన్నుమూసే ముందు, యమీనా ఇదంతా మా అమ్మకి చెప్పింది. అప్పటిదాకా మాకు తెలిసింది ఆ మర్నాటి సంగతి ఒక్కటే.

మర్నాడు మీమూన్ హోటల్‌కి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేనట్టుంది. బూజెమా అడక్కుండానే టీ పెట్టాడు.

"ఏముంది బాబాయ్ అక్కడ?" అన్నాడు కద్దూర్.

"ఉంది."

"లార్బీయేనా?"

"లార్బీయే."

"అయితే ఆ కలిమా, ఆ కళ్లు మూయడం... అదంతా ఏంటి బాబాయ్?"

మీమూన్ ముట్టుకోని టీని పక్కకి నెట్టాడు.

"అటు ఎవరూ పోకండి," అన్నాడు చివరికి. "పోయి ఎవరినీ ఏమీ అడక్కండి."