మామయ్య వంతు

ఆదివారం పొద్దున్నే అనూహ్య వరండాలో చాప పరిచింది. కాపురానికి మొఘల్‌పురా వచ్చాక ఆమె స్నేహితులు ఇంటికి రావడం ఇదే మొదటిసారి. పాత గ్రీకు హాస్యనాటకాలను తెలుగులోకి మార్చుకుని, వారం వారం కలిసి పైకి చదువుకోవడం వాళ్లకు అలవాటు. ఆ సంబరానికి పొద్దుటి నుంచి ఆమె కాళ్లు నేలమీద నిలవడం లేదు.

మామగారు అమరనాథ్ గోడవార కుర్చీలో కూర్చున్నాడు. బట్టల దుకాణంలో గలగలా మాట్లాడిన మనిషి. పక్షవాతం వచ్చాక మాట సగంలో ఆగిపోతోంది. ఆయన "నీ..." అనగానే భార్య విమలాదేవి "నీళ్లే గదా, తెస్తున్న" అంటూ లేస్తుంది. ఆయన నోరు మూసుకుంటాడు.

"ఇంట్ల ఆయన గిట్లుంటే ఈ నవ్వులాటలేంది?" అంది ఆమె కోడలితో.

"జరసేపే అత్తమ్మా. మామయ్యకు గూడ పొద్దుపోతది."

"పిలగాండ్ల ముంగట ఆయన నవ్వులపాలైతే? మళ్ల గీ లొల్లి మనింట్ల ఉండదు, చెప్తున్న."

రూప, డానియేలు వచ్చారు. వాళ్ల చదువులో పాత్రల పంపకం ఉండదు. వరసలో ఎవరుంటే కాగితం వాళ్లకు పోతుంది. మీసాల డానియేలు గయ్యాళి పెళ్లాం మాటలు సన్నగొంతుతో చదువుతుంటే అమరనాథ్ భుజాలు కదిలాయి. రూప తన వంతు ముగించి, పక్కనున్న కుర్చీని కూడా వరసే అనుకుని కాగితం ఆయన చేతికిచ్చింది. 

"ఈ... ఈ ఊ..."

వంటింట్లోంచి విమలాదేవి పరుగున వచ్చింది. "ఇటియ్యుండ్రి. ఆయనకు రాదు, నేను చదువుత."

"వంతు బాపుది, అమ్మా," అన్నాడు డానియేలు మెల్లగా. "మా దగ్గర ఎవ్వరాగినా మాట అందియ్యం. ఆగుతం, అంతే."

"ఆయన బాధ నీకేమెరుక బిడ్డా?"

అమరనాథ్ కాగితాన్ని గట్టిగా పట్టుకున్నాడు. "ఆ...గు," అన్నాడు భార్యతో.

అందరూ ఆగారు.

"ఈ ఊళ్లె... అందరికి... నోళ్లున్నయి. చెవులున్నోడే... ఒక్కడు... లేడు."

ముందు రూప నవ్వింది. ఆ వెంటనే అందరూ. అమరనాథ్ కూడా, ఒకవైపే కదిలే పెదవులతో. విమలాదేవి మాత్రం కుర్చీ పక్కన కూలబడింది.

"మీ మాటలన్ని నేనే మాట్లాడిన గదా ఇన్ని రోజులు," అంది.

ఆయన కాగితం ఆమె ఒడిలో పెట్టాడు. ఆమె కూడా వరసలోనే కూర్చుంది మరి.

"క... కం..." అన్నాడు ఆమె నుదుటి కేసి చూస్తూ.

కండ్లద్దాలు. నెత్తిమీదికి తోసుకుని మరిచిపోయిందని ఆమెకు అప్పుడే తెలిసింది. అయినా చెయ్యెత్తలేదు. నీళ్లు నిండిన కళ్లతో ఆయన పెదవులనే చూస్తూ, ఆ మాట పూర్తయ్యేదాకా కూర్చుంది.