కళ్లు మూసిన ఫొటోలు

సాయిదుర్గ గుమ్మంలోనే ఆగి హాలంతా ఒకసారి కలయజూసింది. చూసి, పెదవి విరిచింది.

“ఈ సోఫా ఎవరిది?”

“మాదే,” అన్నాడు ప్రసన్నకుమార్.

“ఆ ఫ్రిజ్?”

“అదీ... మాదేలే.”

“నిన్నటిదాకా పక్కింటి సాల్మన్ గారి వరండాలో ఉండేది. నడుచుకుంటూ వచ్చిందా?”

ప్రసన్న సోఫా మీద లేని దుమ్ము దులపడం మొదలుపెట్టాడు.

రామచంద్రపురంలో ఇళ్లకే వెళ్లి ఫొటోలు తీసే అమ్మాయి సాయిదుర్గ. పొలం మధ్యలో రంగుపొగలు వదిలి, పడవెక్కించి తీసే షూట్లంటే ఆమెకి ఒళ్లుమంట. మనిషిని వాళ్లింట్లోనే, వాళ్ల కిటికీ వెలుగులో, దగ్గరగా తియ్యాలంటుంది. ఆమెకున్నది జూమ్ లేని లెన్స్. ముఖం కావాలంటే తనే మనిషి దగ్గరికి వెళ్లాలి. నాలుగేళ్లలో తను తీసింది ఒక్కటీ పాడవలేదని మహా పొగరు.

ఈ పూట తియ్యాల్సింది మాత్రం పెళ్లి సంబంధానికి పంపే ఫొటో. అందుకే ఈ అరువు సామానంతా. సాయంత్రానికి తునిలో అమ్మాయివాళ్లకి చేరాలి. వాళ్లకి నచ్చితే ఆదివారం తాంబూలాలు. డిగ్రీ మూడేళ్లూ తన వెనక బెంచీలో కూర్చుని రికార్డులు కాపీ కొట్టిన ఈ మొద్దంటే సాయిదుర్గకి ప్రాణం. ఆ సంగతి మొద్దుకి తెలియదు. చెప్పడానికి ఈమెకి అహం అడ్డం. ఫొటో బాగా వస్తే మనిషి చెయ్యి జారిపోతాడు. రాకపోతే పేరు పోతుంది.

పేరే ముఖ్యమనుకుని కెమెరా తీసుకుని వచ్చేసింది. అలాంటి మనిషి మరి.

ప్రసన్న తల్లి లోవమ్మ పౌడరు డబ్బాతో హడావిడిగా వచ్చింది. “అమ్మాయ్, మావాడు కాస్త తెల్లగా వచ్చేలా చూడమ్మా. వీరబ్రహ్మం గారబ్బాయిని స్టూడియోలో పాలలాగ తీశారంట.”

“తీశారండీ. పెళ్లిచూపుల్లో అమ్మాయివాళ్లు, అబ్బాయెక్కడండీ అని అతన్నే అడిగారంట.”

లోవమ్మ పౌడరు డబ్బా పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాయిదుర్గ ప్రసన్నని లోపలి గదిలో కిటికీ పక్కకి లాక్కెళ్లింది. బయట వాన సన్నగా పడుతోంది. వెలుగు మెత్తగా, ముఖానికి సరిగ్గా సరిపోయేలా ఉంది.

“ఆ కోటు విప్పు. ఉడకబెట్టిన చేమదుంపలా ఉన్నావు.”

“కోటుంటే ఆఫీసరులా ఉంటానని అమ్మ...”

“గుమస్తావి. గుమస్తాలా ఉండు. గడ్డం పైకెత్తు. అంత కాదు, కొబ్బరిచెట్టు ఎక్కబోతున్నట్టుంది.”

ఆమె మూరెడు దూరానికి వచ్చింది. క్లిక్. చూస్తే కళ్లు మూసి ఉన్నాయి. మళ్లీ క్లిక్. మళ్లీ మూసి ఉన్నాయి. అలా ముప్ఫై తీసింది. ముప్ఫైలోనూ అంతే.

“ఏంటి నీ కళ్లకి జబ్బు? ఆధార్ కార్డుకి చంటిపిల్లలు కూడా తెరుస్తారు!”

ఈసారి ఆమె నొక్కలేదు. నొక్కబోతున్నట్టు వేలు మాత్రం కదిపింది. అతని రెప్పలు టక్కున వాలాయి.

“నా వేలు చూసి మూస్తున్నావు!”

అతను తల వంచుకున్నాడు.

“కావాలనే చేస్తున్నావా? నా పేరు చెడగొట్టడానికా?”

“ఫొటో బాగుంటే తుని వెళ్తుంది కదా దుర్గా. నువ్వు తీస్తే బాగోకుండా ఎలా ఉంటుంది? ఇంకేం చెయ్యాలో తోచలేదు.”

“ఈ సంబంధం వద్దని నోటితో చెప్పొచ్చుగా!”

“అమ్మతో చెప్తే, ఎందుకొద్దు, ఎవరున్నారు అంటుంది. నీ పేరు చెప్పాలి. ముందు నీతో చెప్పాలి. చెప్తే వెటకారం చేస్తావు. ఫస్టియర్ నుంచీ అదే భయం.”

ఎప్పుడూ సాయిదుర్గ నాలుక చివరనే ఉండే వెటకారం ఒక్కటీ అందలేదు. అరువు సోఫా చూసి నవ్విందిగానీ, ఈ ఇంట్లో అందరికంటే పెద్ద నాటకం ఆడుతున్నది తనే. సిగ్గేసింది.

“నేను మాత్రం ఏం ఊడబొడిచాను?” అంది కోపంగా. ఆ కోపం తన మీదే. “నువ్వంటే చచ్చేంత ఇష్టం పెట్టుకుని, నిన్ను ఇంకెవరికో నచ్చేలా తియ్యడానికి కెమెరా వేసుకొచ్చాను. నాకంటే దద్దమ్మ ఉంటుందా?”

అతను తలెత్తి కళ్లు విప్పార్చి ఆమెను చూశాడు. కెమెరా మీదే ఉన్న వేలు, అలవాటు కొద్దీ తనంతట తనే నొక్కేసింది.

“అయిందా? ఏదీ, చూపించు,” అంటూ లోవమ్మ వచ్చి కెమెరా లాక్కుంది. చాలాసేపు చూసింది. కొడుకుని చూసింది. సాయిదుర్గని చూసింది.

“బాగా వచ్చింది. తునికి మాత్రం పనికిరాదు.”

“ఏం, ఏం లోపముందండీ?” అంది సాయిదుర్గ. అప్పుడు కూడా పొగరే.

“వాళ్లకీ కళ్లున్నాయమ్మా. వీడు ఇక్కడెవర్నో చూస్తున్నాడని ఇట్టే తెలిసిపోద్ది.” లోవమ్మ నడుముకి చెయ్యి ఆనించింది. “ఇందాకట్నుంచీ తలుపు వెనక నిలబడి కాళ్లు పీకుతున్నాయి. పాతికేళ్లొచ్చాయి, కళ్లు మూసుకుంటాడంట కళ్లు! అమ్మాయ్, మీ నాన్నగారి నంబరు చెప్పు. మీ ఇద్దరికీ మాట్లాడ్డం చేతకాదు, నేను మాట్లాడతాను.”