బోర్లించిన కప్పు

కూతురితో కలిసి వెళ్ళిన ఉదయం నడక ముగించుకుని, తాళం తీసి ఇంట్లో అడుగుపెట్టిన కళ్ళజోళ్ళ కొట్టాయన ముందుగా వంటింట్లోకి తొంగిచూశాడు. తాను సింకులో వదిలి వెళ్ళిన టీ కప్పు కడిగి, గట్టు మీద బోర్లించి ఉంది. గుమ్మం పక్కన కూతురు విడిచిన ఇంటి చెప్పులు జతగా, ముక్కులు వీధివైపు తిరిగి ఉన్నాయి.

ఆయన మనసు చల్లబడింది. పోయిన భార్యకు అచ్చం ఇవే అలవాట్లు. కూతురు భర్తను వదిలి వచ్చినప్పటి నుంచీ అప్పుడప్పుడూ ఇలా జరుగుతోంది. ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే మతి పోయిందంటారు.

బ్రెడ్డు కొనడానికి వెనకబడిన కూతురు, లాయరైన పిన్నిని వెంటబెట్టుకుని వచ్చింది.

"విడాకులు ఇప్పుడే వద్దనుకుంటే వేరే దారులున్నాయే అమ్మాయీ," అంటూ పిన్ని కుర్చీ లాక్కుంది. "ఇద్దరూ ఒప్పుకుంటే విడిగా ఉంటామని ఒప్పందం రాసుకోవచ్చు. అతను ఒప్పుకోకపోతే కోర్టును అడగొచ్చు. కోర్టు సరేనంటే పెళ్ళి పెళ్ళిలాగే ఉంటుంది, కాపురానికి రమ్మని మాత్రం నిన్నెవరూ బలవంతపెట్టలేరు. రేపు మనసులు కలిస్తే ఆ ఉత్తర్వు రద్దు చేయించుకోవచ్చు."

"కోర్టెందుకు?" అన్నాడు తండ్రి. "కొట్టాడా, తిట్టాడా? నెమ్మదస్తుడు. ఒప్పందం చాలు."

"కొట్టలేదు నాన్నా. నేను గదిలో లేనప్పుడు నా వస్తువులు జరిపేవాడు. ఎక్కడున్నా నా కన్ను నీ మీదే ఉందని చెప్పడానికి. ఇక్కడికొచ్చినా గడియ పెట్టుకునే పడుకుంటున్నాను."

"వస్తువులు జరిగితే భయమేంటే పిచ్చిదానా? ఈ ఇంట్లో మీ అమ్మ జరుపుతూనే ఉందిగా!"

నోరు జారాక ఆపడం ఆయన వల్ల కాలేదు. కప్పు సంగతి, చెప్పుల సంగతి చెప్పేశాడు.

"కప్పు మీరు కడగలేదా? మీరే అనుకున్నాను నాన్నా."

"బావగారు కప్పు కడిగే మనిషైతే మా అక్క ఇంకో పదేళ్ళు బతికేది," అంది పిన్ని. ఎవరూ నవ్వలేదు.

కూతురు చేతిలోని బ్రెడ్డు బల్ల మీద పెట్టేసింది. "మీరొచ్చేసరికి చెప్పులు ఎటు తిరిగి ఉన్నాయి?"

"వీధివైపు."

"ఆ ఇంట్లో మంచం వైపు తిప్పి పెట్టేవాడు. ఇక్కడ వీధివైపంటే, తిరిగి వచ్చెయ్యమని."

పిన్ని మెల్లగా అడిగింది. "బావగారూ, ఈ ఇంటి తాళంచెవి ఇంకెవరి దగ్గరుంది?"

ఆయనకు పెళ్ళినాటి మాట గుర్తొచ్చింది. భార్య పుట్టింట్లో కొత్త అల్లుడికి ఇంటి తాళంచెవి ఇస్తారు. మామగారు తనకిచ్చినట్టే తానూ కూతురి భర్తకు ఇచ్చాడు, "ఇది నీ ఇల్లే బాబూ" అంటూ. తిరిగి అడగాలని తోచలేదు.

ఆయన లేచి వెళ్ళి కప్పు ఎత్తాడు. అడుగున గట్టు ఇంకా తడిగానే ఉంది. భార్య రెండోసారి పోయినట్టు, కప్పు గుండెకు ఆనించుకుని ఏడ్చాడు.

"అమ్మే అనుకున్నారా నాన్నా?" కూతురు వచ్చి ఆయన భుజం పట్టుకుంది. "నేను అడగకుండా ఉండాల్సింది. మీకు అదైనా మిగిలేది."

"నువ్వు మిగిలితే చాలమ్మా." ఆయన పిన్ని వైపు తిరిగాడు. "కోర్టుకే వెళదాం. అతను ఈ గుమ్మం తొక్కకూడదని కూడా అడుగు. చూసింది చూసినట్టు నేను చెబుతాను."

"మా అక్క అనుకున్నారని కూడా చెప్పాల్సొస్తుంది. నవ్వుతారు."

"నవ్వనీ."

ఆ మధ్యాహ్నమే తాళం మార్పించారు.

మర్నాడు ఆయన ఒక్కడే నడకకు వెళ్ళి వచ్చాడు. సింకులో కప్పు వదిలిన చోటే ఉంది, అడుగున టీ మరక ఎండిపోయి. ఇల్లు ఇంత ఖాళీగా ఎప్పుడూ అనిపించలేదు. చొక్కా చేతులు మడిచి, కప్పు తానే కడిగి బోర్లించాడు.

కూతురి గది తలుపు బార్లా తెరిచి ఉంది. చెప్పులు ఒకటి మంచం కింద, ఒకటి గది మధ్యలో పడున్నాయి. ఆమె ఒళ్ళు మరిచి నిద్రపోతోంది. ఆయన వాటిని సర్దబోయి, ఆగి, చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాడు.