పేరు పెట్టి పిలిచిన గొంతు

వడోమి వాగు మలుపంటే మా ఊళ్ళో ఎంత మొనగాడైనా పొద్దు వాలాక అటు మొహం పెట్టడు. అక్కడో మసలాయి ఉందంటారు. ఆ నీళ్ళమీదా రాళ్ళమీదా ఆ దెయ్యానిదే హక్కట. మనకి బాగా తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందట. పలికామా... ఇంక ఇంటికి రాం. నువ్వు నమ్ముతావా అంటే, పగలైతే నమ్మను.

మా గవోరికి జరిగింది చెప్తా వినండి. వాళ్ళ అత్త సాగో చెట్టు బోదె కొట్టి పిండి తీయడానికి అడవిలోకి వెళ్ళింది. చీకటి పడుతున్నా రాలేదు. పైన కొండల్లో ఒకటే వాన, వాగు పొంగుతోంది. ఇంట్లో నెలలు నిండిన భార్య మెయానా, మా అమ్మ ఏదీ, మా అమ్మ ఏదీ అని ఒకటే ఏడుపు. తోడు రమ్మంటే ఒక్కొక్కడికీ ఒక్కో పని గుర్తొచ్చింది. చివరికి గవోరి కాగడా పట్టుకుని ఒక్కడే బయల్దేరాడు.

కాళ్ళకి జలగలు... భుజాలకి పేము తీగల ముళ్ళు... చెవులు చిల్లులు పడేలా కప్పల గోల. ఎక్కడో మనిషెత్తు కాసోవరీ పక్షి ‘ఊఁ...’ అని మూలిగితే కాళ్ళకింద నేల అదిరినట్టయింది. వాడు వెనక్కి చూశాడు. ఏమీ లేదు. మళ్ళీ చూశాడు.

మలుపు దగ్గరికొచ్చేసరికి — నీళ్ళ హోరులోంచి, సన్నగా...

“గవోరీ...”

అత్త గొంతే. గబుక్కున ఒక అడుగు ముందుకేశాడు. ఆగిపోయాడు.

మాలో అత్త అల్లుడి పేరు ఎత్తదు. చచ్చినా ఎత్తదు. ఇద్దరూ ఎదురుపడితే చెరో పక్కకీ తిరిగిపోతారు. ఏదన్నా చెప్పుకోవాలంటే మధ్యలో మెయానా ఉండాల్సిందే. పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ నోట వాడి పేరు ఎవరూ విన్లేదు.

“గవోరీ... గవోరీ...”

ఇంక చూడాలి వాణ్ణి! కాగడా అక్కడే పారేసి పరుగో పరుగు.

మెయానా గుమ్మంలోనే పట్టుకుంది. రొప్పుతూ చెప్పాడు — మసలాయి అచ్చం మీ అమ్మ గొంతే పెట్టింది, కానీ నన్ను పేరు పెట్టి పిలిచి దొరికిపోయింది, అని. తన తెలివికి కాస్త మురిసిపోయాడు కూడా, పిచ్చి సన్నాసి.

మెయానా ఏడుపు ఆపేసింది. మెల్లగా అడిగింది.

“పీకల దాకా నీళ్ళొస్తే... మా అమ్మ నిన్నేమని పిలవాలి?”

వాడు గిర్రున బయటికి తిరిగాడు. వాడి కేకలకి ఊరంతా కాగడాలతో పరిగెత్తాం. వద్దంటున్నా వినకుండా మెయానా కూడా వచ్చింది.

ఆ మలుపులోనే ఉంది ముసలావిడ — చెట్టు వేళ్ళ మధ్య కాలు ఇరుక్కుని, గడ్డం దాకా నీళ్ళలో. నీళ్ళలోకి దూకి వేరు నరికింది గవోరే. భుజాన వేసుకుని ఒడ్డుకి తెచ్చిందీ వాడే. అంత వణుకులోనూ ఆవిడ వాడివైపు చూడలేదు.

కూతురి చెయ్యి పట్టుకుని అంది, “పేరు పెట్టి పిలిచినా ఎందుకు రాలేదో మీ ఆయన్నడుగు.”

వాడు నేల చూస్తూ మెయానాకే చెప్పాడు.

“పేరు పెట్టి పిలిచారనే రాలేదని... మీ అమ్మకి చెప్పు.”