మేత పందికొక్కు

నాకు వాసనలు పడవు. ఇది ముందే చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత చెప్పేదంతా పిరికివాడి గోలలా ఉంటుంది. బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉన్న ఇంట్లో పుట్టి కూడా, ముక్కుకు చేతిరుమాలు కట్టుకోకుండా షెడ్డులో అడుగుపెట్టని మనిషిని నేనొక్కణ్ణే. ఆ నీలం గళ్ళ రుమాలుకు నీలగిరి తైలం చల్లుకుంటాను. మా పనివాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నాకేం.

షెడ్డు పైన ఒక గది ఉంది. మా నాన్న కాలంలో అది ఆఫీసు. ఇప్పుడది నాదీ, భూపేష్‌దీ. భూపేష్ వాళ్ళది కోయిలకుంట్ల, సెనగ పండించే రైతుల ఇల్లు. ఇంజనీరింగ్‌లో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. చదువు వాడికి ఒంటబట్టలేదు గానీ చేతులు మాత్రం బంగారం. ఇంత మైనపు ముద్ద ఇస్తే మాట్లాడుతూ మాట్లాడుతూనే దానికి కళ్ళూ ముక్కూ వచ్చేస్తాయి. ఆ చేతుల్ని నమ్ముకునే ఇద్దరం ఉద్యోగాలు మానేసి ఈ ఆట మొదలుపెట్టాం.

ఆట పేరు 'బురుజు'. బల్ల మీద ఆడే యుద్ధం. బొటనవేలంత సైనికులు, అరచేతిలో పట్టే యుద్ధయంత్రాలు, పాచికలు. ఎదుటివాడి కోట కూల్చినవాడు గెలిచినట్టు. యంత్రాలు చెక్కి, అచ్చుపోసి, రంగులు వేసేది భూపేష్. ఏ యంత్రం ఎలా నడుస్తుంది, దేనికి లొంగుతుంది అని నియమాలు రాసేది నేను. జనవరిలో బెంగళూరులో ఇలాంటి ఆటల ప్రదర్శన ఉంది. మా ఆశలన్నీ దాని మీదే.

మా యంత్రాలన్నిట్లోకీ ఆడినవాళ్ళందరికీ నచ్చింది పందికొక్కు. అది గోడను ఢీకొట్టదు. భూమి కింద తవ్వుకుంటూ వచ్చి పునాదిని తొలుస్తుంది. మా షెడ్డులో రాయి కోసే రంపపు చక్రాన్ని చూసి భూపేష్ దానికి మూతి పెట్టాడు. పొట్టి కాళ్ళు, వంగిన వీపు, రేకు మీద రేకు. అందులో మూడు రకాలు చేశాం. మొదటిది ఉత్త తొలిచేది. రెండోదాని వీపు మీద కొలిమితిత్తి ఉంటుంది, సొరంగంలోకి పొగ వదులుతుంది. మూడోది మేత పందికొక్కు.

దానికి నూనె అక్కర్లేదు, బొగ్గు అక్కర్లేదు. పొట్ట కింద చిన్న తలుపు ఉంటుంది. యుద్ధంలో పడిపోయినవాళ్ళను అందులో వేస్తే ఆ కండతోనే నడుస్తుంది. శత్రువుల శవాలను ముట్టదు. తన పక్షం వాళ్ళే కావాలి. ఆడేవాడు తన సైనికుణ్ణి తన చేత్తోనే తీసి దానికి వేస్తే ఇంకో రెండు గళ్ళు ముందుకు జరుగుతుంది. ఈ నియమం నేనే రాశాను. ఉల్లిపాయ కూడా ముట్టని శనివారం పూట కూర్చుని మరీ రాశాను. రాసిన దానికి వాసన ఉండదు కదా.

బొమ్మలు పోసే పద్ధతి కూడా మాదే. పాలిషింగ్ నీళ్ళన్నీ పోయి చేరే గుంట షెడ్డు వెనక ఉంది. దాని అడుగున పేరుకునే తెల్లబురదను ఎండబెట్టి, జల్లెడ పట్టి, ఆరాక గట్టిపడే రెజిన్ జిగురులో కలిపి అచ్చులో పోస్తాం. బొమ్మకు మంచి బరువు వస్తుంది. పట్టుకుంటే రాయిలా చల్లగా ఉంటుంది.

మొన్న దసరాకు ఆయుధపూజ ఎప్పటిలాగే జరిగింది. మేం గుమ్మడికాయ కొట్టి, హారతి ఇచ్చి ఇంటికి వచ్చేస్తాం. మేం వెనక్కి తిరగ్గానే పనివాళ్ళు ఒక్కో రంపానికి ఒక్కో కోడిని కోస్తారు. మేం చూడనట్టు ఉంటాం, వాళ్ళు చెయ్యనట్టు ఉంటారు. మా తాతనాటి నుంచీ ఇదే ఒప్పందం. ఈసారి నేను ఫోన్ పైగదిలో మరిచిపోయి వెనక్కి వెళ్ళాను. అదే నా ఖర్మ.

గదిలో భూపేష్ స్టీలు గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గ్లాసులో ఎర్రగా ఏముందో చెప్పక్కర్లేదు. రంగులు వేసే కుంచె అందులో ముంచి, ట్రేలో వరసగా నిలబెట్టిన పందికొక్కులకు ఒక్కోదానికి ఒక్కో బొట్టు పెడుతున్నాడు.

"ఏం చేస్తాండావురా?"

"పూజ. కింద వాటికి పెట్టి వీటికి పెట్టకపోతే ఎట్ల శెట్టీ? ఇవి మాత్రం యంత్రాలు కావా?"

నన్ను ఏడిపించడం వాడికి సరదా. ఆ సరదాలోనే, రంగులు వేసేటప్పటి అలవాటు కొద్దీ, కుంచె కొసను పెదాల మధ్య పెట్టుకుని సన్నంగా చేశాడు. నేను రుమాలు ముక్కుకు అదుముకున్నాను. వాడు పెదవి తుడుచుకుని నవ్వి, గ్లాసులో మిగిలింది మేత పందికొక్కు పొట్ట తలుపు తీసి అందులో పోశాడు.

గ్లాసు కోసం తిమ్మయ్య పైకి వచ్చాడు. మా పెద్ద రంపం నడిపేది ఆయనే. ట్రే వంక చూశాడు గానీ నవ్వలేదు.

"వీటికీ పెట్టినారా? సరే. ఇంగ అమాసకు ఏమిస్తారప్పా?"

"అమాసకు ఏమిటికి?" అన్నాను.

"ఒకసారి రుచి సూపిచ్చినాక ప్రతి అమాసకూ ఇయ్యల్ల గదా. మేము రంపాలకు ఇస్తానే ఉండాం."

గ్లాసు తీసుకుని దిగిపోయాడు. మేమిద్దరం నవ్వుకున్నాం. నేను కాస్త తక్కువ నవ్వాను.

రెండు రోజులకు గదిలో వాసన మొదలైంది. మూలన ఎలుక చచ్చిందేమోనని బల్లలూ పెట్టెలూ జరిపి చూశాను. ఫినాయిల్ పోసి కడిగించాను. ఫినాయిల్ వాసన కింద నుంచి ఆ వాసన మళ్ళీ పైకి వచ్చేది. తడి సున్నం, దాని అడుగున పచ్చిమాంసం. చివరికి రుమాలు కట్టుకుని ట్రే పక్కకు వెళ్ళి వంగి ముక్కు పెట్టి చూశాను. మిగతా యంత్రాల మీద బొట్లు నల్లబడి పెచ్చులు లేస్తున్నాయి. ఈగలు ముసురుతున్నాయి. మేత పందికొక్కు మీద మాత్రం మరక లేదు, ఈగ లేదు. పొట్ట తలుపు తీసి చూస్తే లోపల నాకి పెట్టిన గిన్నెలా శుభ్రంగా ఉంది. చేతిలోకి తీసుకుంటే బరువు ఎక్కువైనట్టు అనిపించింది. లోపల తడిగా, మెత్తగా ఉంది. రెజిన్‌కు మెత్తదనం ఎక్కడిది? అసహ్యంతో చెయ్యి సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాను.

"పారేద్దాంరా, మళ్ళీ పోసుకోవచ్చు," అన్నాను.

భూపేష్ తలెత్తలేదు. "బాగా కుదిరింది ఇదే. బెంగళూరుకు దీన్నే తీసకపోతాం."

వాడి చూపుడువేలికి ప్లాస్టర్ ఉంది. కట్టర్ తగిలిందన్నాడు. తర్వాత ఇంకో వేలికి కూడా ప్లాస్టర్ వచ్చింది. అప్పుడూ కట్టరే. చేతిపని చేసేవాడికి తెగడం మామూలే కదా అని ఊరుకున్నాను. కానీ ఎప్పుడూ వాగే మనిషి మాట్లాడటం మానేశాడు. అన్నం సగంలో వదిలేస్తున్నాడు. రాత్రిళ్ళు గదిలోనే పడుకుంటున్నాడు.

దీపావళి అమావాస్య వచ్చింది. అమావాస్య నాడు మా దగ్గర రంపాలు తిరగవు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు భూపేష్‌ను పిలుచుకురమ్మని అమ్మ పంపింది. ఊళ్ళో అప్పుడే టపాకాయలు మొదలయ్యాయి. షెడ్డు లోపల మాత్రం నిశ్శబ్దం. ఎప్పుడూ నీళ్ళూ ఇనుమూ రాయీ ఒరుసుకునే చోట ఏ చప్పుడూ లేకపోతే చెవులు గుయ్యిమంటాయి. చీకట్లో రాతిపలకల దొంతరలు తడిగా మెరుస్తున్నాయి. రుమాలు బిగించుకున్నాను.

మెట్ల దగ్గరే వాసన తగిలింది. తైలాన్ని చీల్చుకుని మరీ లోపలికి వచ్చింది.

సగం మెట్లు ఎక్కాక చప్పుడు వినిపించింది. కర్... కర్... కర్...

ఎలుక చెక్కను కొరుకుతున్నట్టు. కాదు. ఎలుక ఆగి ఆగి కొరుకుతుంది. ఇది ఆగడం లేదు.

తలుపు తోశాను. బల్లదీపం వెలుగులో భూపేష్ నా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

"మెల్లగా రాప్పా..." గుసగుసగా అన్నాడు. "తింటాండాది."

బల్ల మీద పళ్ళెంలో కోడిమాంసం ముక్కలు. పచ్చగా మారి, జిగటగా, పురుగులు కదులుతూ. ఒక్క ముక్క కూడా తగ్గలేదు.

"కోడి పెడితే ముట్టలే. శానా చూసినా. నువ్వు రాసిందే గదప్పా... తన పక్షం వాళ్ళదే కావల్లని."

అప్పుడు వాడి చేతులు చూశాను.

ప్లాస్టర్లు ఊడదీసి పక్కన పెట్టాడు. కుడిచేతి రెండు వేళ్ళకు కొసలు లేవు. ఎడమచేతి చూపుడువేలు మేత పందికొక్కు పొట్టలో ఉంది. లేగదూడకు వేలు చీకనిచ్చినట్టు, ముద్దుగా, ఓపిగ్గా పెట్టుకుని కూర్చున్నాడు. రెజిన్ రేకులు సన్నగా వణుకుతున్నాయి. తలుపు అంచున ఎర్రటి నురగ.

"తియ్యి..." అన్నాను. "భూపీ, తియ్యిరా."

"నొప్పేమీ లేదప్పా. చల్లగా ఉండాది."

వాడి మొహంలో నిజంగానే నొప్పి లేదు. అది చూసే నాకు ఎక్కువ భయమేసింది. ఆ యంత్రాన్ని పట్టుకుని లాగాను. రాలేదు. వెచ్చగా ఉంది. లాగాను. లోపల ఏదో నాలుకలాంటిది నా వేళ్ళకు తగిలింది. ఇంకా బలంగా లాగాను. చిటుక్కుమంది... ఊడి వచ్చింది. భూపేష్ తన వేలి వంక చూసుకున్నాడు. తెల్లటి ఎముక, చుట్టూ చీకిన మాంసం. రక్తం ఒక్క చుక్క లేదు.

రుమాల్లోనే కక్కుకున్నాను. రుమాలు పీకి అక్కడే పారేసి, మేత పందికొక్కును ట్రేలోకి విసిరి, ట్రేను రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగి, వెనక గుంటలో బోర్లించాను. తెల్లబురద బుడగలు వేసి మూసుకుంది. తర్వాత భూపేష్‌ను భుజాన వేసుకుని కారు దాకా తెచ్చాను. వాడు దారంతా ఒకటే అడిగాడు. "యాడ పెట్టినావు దాన్ని?"

నంద్యాలలో డాక్టరు కుట్లు వేసి, నన్ను పక్కకు పిలిచాడు. ఫ్యాక్టరీలో రంపం తగిలిందా అన్నాడు. అవునన్నాను. గాయం అంచున వరసగా ఉన్న గీతలు చూపించి, ఇంత చిన్న పళ్ళ రంపం కూడా ఉంటుందా అన్నాడు. నేను బిల్లు కట్టడానికి వెళ్ళిపోయాను.

భూపేష్ రెండు చేతులకూ మణికట్ల దాకా కట్లు కట్టారు. కోయిలకుంట్లలో వాళ్ళమ్మ ముద్దలు కలిపి తినిపిస్తోంది. ఆ చేతులు ఇక చెక్కలేవు. బెంగళూరు మాట ఎత్తడం మానేశాం. వాడి దగ్గరికి వెళ్ళి కూర్చున్నప్పుడల్లా నాకు ఏడుపు వస్తుంది. ఏడుపుతో పాటు, చెప్పకూడదు గానీ, వికారం కూడా వస్తుంది.

పైగదికి తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంటుంది. నెల తిరగబోతుండగా గుంట నిండిందని పూడిక తీయించాం. బురద జల్లించి తిమ్మయ్య బొమ్మలు ఏరి బక్కెట్టులో తెచ్చి పెట్టాడు. తొలిచే పందికొక్కులు ఉన్నాయి. పొగ పందికొక్కులు ఉన్నాయి.

"మూడో రకంది లేదప్పా," అన్నాడు. "గుంటంతా దేవినాము."

మిట్టమధ్యాహ్నం, కింద రంపాలన్నీ తిరుగుతుండగా, తిమ్మయ్యను వెంటబెట్టుకుని పైగది తాళం తీశాను. గాలి ఆడని గది. కానీ కుళ్ళు వాసన లేదు. తడిసున్నం వాసన ఒక్కటే. బల్ల మీద ఖాళీగా ఉండాల్సిన చోట ఒక యంత్రం ఉంది. రంగు వెయ్యలేదు. గుంటబురద ఇంకా ఆరలేదు.

అది మా మూడు రకాల్లో ఏదీ కాదు. నేను రాయలేదు, భూపేష్ చెక్కలేదు. మేత పందికొక్కే, కానీ రెట్టింపు పెద్దది. పొట్ట తలుపు మూతి కిందికి వచ్చింది. దాని ముందు బొటనవేలంత మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, కుడిచెయ్యి చాచి, చూపుడువేలు ఆ తలుపు లోపల పెట్టాడు. అంత సన్నటి పని భూపేష్ కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

ఆ మనిషి ముక్కుకు రుమాలు కట్టి ఉంది. అది రెజిన్ కాదు. గుడ్డ. నీలం గళ్ళ గుడ్డ. వంగి చూశాను. నీలగిరి తైలం, దాని కింద పులిసిన కక్కు వాసన.

తిమ్మయ్య ఒక్కమాటే అన్నాడు. "ఈడుండొద్దప్పా. పో."

ఆ పూటే కర్నూలు వచ్చేశాను. మా మేనమామ ఇంట్లో ఉంటున్నాను. ఊరు దూరం, గుంట దూరం, గది తాళం వేసే ఉంది. ఇక్కడ అత్తయ్య వంటింట్లో పోపు వాసన తప్ప ఏ వాసనా లేదు. అయినా రుమాలు కట్టుకునే పడుకుంటున్నాను. రేపు అమావాస్య.

కుడిచేతి చూపుడువేలి కొస పొద్దున్నుంచీ చల్లగా ఉంది. నొప్పేమీ లేదు.