రష్యా మాయమైన ఆదివారం

ఆరాధన మొదలవడానికి పావుగంట ముందు చూసేసరికి రష్యా మాయమైంది.

ఆ సంగతి మొదట కనిపెట్టింది అచ్చాయమ్మ. ఏలూరు పక్కనున్న వట్లూరు ప్రార్థన మందిరంలో ముందు వరసలో చాప ఆమెది. తల మీద కొంగు సర్దుకుంటూ వేదిక వెనక గోడ వైపు చూసి, "ఏవండీ, రష్యా ఏదండీ?" అంది.

అందరూ అటు తిరిగారు. గోడ మీద ఎత్తుగా గుడ్డ ప్రపంచ పటం. దాని మీద గుండుసూదులకు అంటించిన కాగితపు జెండాలు. ఈజిప్టు ఉంది, ఇరాన్ ఉంది, అమెరికా ఉంది. రష్యాకు పెట్టిన ఎర్ర జెండా ఉండాల్సిన చోట మాత్రం చిన్న చిల్లు.

ఆ పటం రాజరత్నం మాస్టారిది. ఏలూరులో సోషల్ చెప్పి రిటైరయ్యాక ఆయన సంఘపెద్ద అయ్యారు. ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు, బైబిల్లోని యెహెజ్కేలునూ దానియేలునూ ఆ వారం పేపర్లనూ పక్కపక్కన పెట్టుకుని, ఏ దేశం ఏం చేయబోతోందో చెబుతారు. మన దేశం ఎవరితో స్నేహం చేయాలో, ఎవరితో చేయకూడదో కూడా చెబుతారు.

ఢిల్లీ విన్నా వినకపోయినా మండవల్లి వింటుంది. మండవల్లి నుంచి వెంకట్రాజు గారు బైక్ మీద వచ్చి, గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటారు. మాస్టారి మాటను బట్టే ఎగుమతి ధర లెక్కేసి, తన చెరువులో రొయ్యలు పట్టించాలో ఆగాలో తేల్చుకుంటారు. పాటలు మొదలయ్యేసరికి వెళ్ళిపోతారు.

"రష్యా లేకపోతే ఎలాగండీ మాస్టారూ? నా రొయ్యలు పట్టుబడికొచ్చేశాయి," అన్నారాయన.

మాస్టారు కోటు మీద గుండె దగ్గర చెయ్యి పెట్టుకుని, ఉలిక్కిపడి తీసేశారు.

ఈ గొడవలో అందరికన్నా ఎక్కువ చెమటలు పట్టింది వెస్లీకి.

వెస్లీది తాడేపల్లిగూడెం. రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం. ఒక ఆదివారం ఈ మందిరానికొచ్చి, కీబోర్డ్ వాయిస్తున్న మాస్టారి అమ్మాయి సిల్వియాను చూసి, స్పీకర్లు బాగుచేస్తానని ముందుకొచ్చాడు.

"మీకు స్పీకర్లు బాగుచేయడం వచ్చా?" అని ఆమె అడిగింది.

"రాదండీ. నేర్చుకుంటున్నాను."

"మా స్పీకర్ల మీదా?"

అలా మొదలైంది. రెండు ఇళ్ళవాళ్ళూ మాట్లాడుకున్నారు. ఎవరికీ అభ్యంతరం లేదు. అడ్డుపడింది రష్యా ఒక్కటే.

ప్రవచనంలోని ఉత్తర దేశపు రాజు, అంటే రష్యా, దిగివస్తున్నాడని మాస్టారు వేసవిలో ఎర్ర జెండాను కిందికి జరిపారు. యిర్మీయా ప్రవక్తను దేవుడు పెళ్ళి చేసుకోవద్దన్నది ఇలాంటి రోజుల్లోనేనని, జెండా మళ్ళీ పైకి వెళ్ళాకే సిల్వియా పెళ్ళని సంఘమంతటి ముందు ప్రకటించారు.

"అదే యిర్మీయా బబులోను చెరలో ఉన్నవాళ్ళను పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కనమన్నాడు కదండీ?" అన్నాడు వెస్లీ.

"అది బబులోను. ఇది ఏలూరు," అన్నారు మాస్టారు.

ఆ రోజు నుంచి సిల్వియా తండ్రితో మాట్లాడటం మానేసింది. పక్కనే కూర్చున్న ఆయనకు, "కూర వేసుకోమని చెప్పమ్మా," అని తల్లి ద్వారా కబురు పంపేది.

ఇప్పుడు జెండా పైకీ వెళ్ళలేదు, కిందా లేదు.

"నిన్న సాయంత్రం మందిరంలో ఎవరున్నారు?" అంది అచ్చాయమ్మ.

చాపలన్నీ వెస్లీ వైపు తిరిగాయి.

"మైకు వైరు సరిచేద్దామని వచ్చానండీ."

"వైరుతో పాటు రష్యానీ సరిచేసేశావా నాయనా?" ఆమె మాస్టారి వైపు తిరిగింది. "దేవుడి ప్రవచనంలో చెయ్యి పెట్టినోడికి పిల్లనెలా ఇస్తారండీ మాస్టారూ?"

రేకుల మీద వాన మొదలైంది. మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఇవ్వను," అని వేదిక మీది బైబిలు అందుకోబోతూ వంగి, "స్స్," అంటూ మళ్ళీ నిటారుగా నిలబడ్డారు.

వెస్లీ సిల్వియాను చూశాడు. 'ఏదో ఒక రోజు ఆ జెండా పీకి కొల్లేట్లో పారేస్తా' అని ఆమె ఫోనులో అన్న మాట గుర్తొచ్చింది. సిల్వియా కూడా అతన్నే చూస్తోంది. 'నేనూ సాయం పడతా' అని అతనన్న మాట ఆమెకు గుర్తొచ్చింది.

వెస్లీ లేచాడు. "నేనే తీశానండీ."

"కాదు, నేను తీశాను," అంది సిల్వియా కీబోర్డ్ వెనక నుంచి.

"ఆవిడ తియ్యలేదండీ. అబద్ధం."

"ఆయనకసలు అంత ఎత్తు అందదు."

"స్టూలు వేసుకున్నాను."

"మందిరంలో స్టూలు లేదు వెస్లీ."

"మరి మీకెలా అందింది?"

సిల్వియా తడబడింది. "ఎగిరాను."

ఎవరో నవ్వారు. ఆమె ముఖం కందిపోయింది. "నన్నేం కాపాడక్కర్లేదు మీరు."

"నాకు కాపాడాలనుందండీ. మీరంటే నాకు ప్రాణం. రష్యా ఎటు పోతే నాకేంటి?"

"నాక్కావాలండి బాబూ," అన్నారు వెంకట్రాజు గారు.

"సరే, తీసినోళ్ళు జెండా చూపించండి," అంది అచ్చాయమ్మ.

ఇద్దరూ ఖాళీ చేతులతో ఒకరినొకరు చూసుకున్నారు. "మీరు తియ్యలేదా?" అన్నాడు వెస్లీ. "మీరు తియ్యలేదా?" అంది సిల్వియా. వాళ్ళ ముఖాలు చూస్తూ మందిరంలో సగం మంది వాన చప్పుడు కూడా మరిచిపోయారు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి దానమ్మ గారు లేచారు.

దానమ్మ గారు మాస్టారి భార్య. పెళ్ళయిన నాటి నుంచి భర్త పేరు నోట పలకని మనిషి. ఆధార్ సెంటర్లో అడిగినా, "మా అమ్మాయి చెబుతుందండీ," అని పక్కకు తప్పుకున్నారు.

"ఎవరు తీశారో నేను చూశానండీ," అన్నారావిడ. "పొద్దున్నే మందిరం ఊడుద్దామని వస్తే, పటం ముందు ఒకరు నిలబడి ప్రార్థన చేసుకుంటున్నారు. 'ప్రభువా, జెండా పైకి జరిపితే అబద్ధమవుతుంది. అక్కడే ఉంచితే నా బిడ్డ నాతో మాట్లాడదు' అని ఏడ్చారు. తర్వాత చెయ్యి చాచి తీసి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు. పొద్దుట్నుంచీ ఆ సూది గుచ్చుకుంటానే ఉంది పాపం."

ఆరడుగుల మాస్టారు ఫ్యాను వైపు శ్రద్ధగా చూస్తున్నారు.

"నాన్నా," అంది సిల్వియా. వేసవి తర్వాత ఆయనతో అన్న మొదటి మాట అది.

"పేరు చెప్పాలండీ," అంది అచ్చాయమ్మ పట్టుగా. "సంఘంలో పేరు తేలకపోతే నింద ఆ కుర్రాడి మీదే ఉండిపోద్ది."

దానమ్మ గారు కొంగు అంచు నలుపుతూ భర్త వైపు చూశారు. ఆయన జేబులో చెయ్యి పెట్టి, ఎర్ర జెండా బయటికి తీసి, కూతుర్నీ వెస్లీనీ చూశారు.

"చెప్పు దానమ్మా," అన్నారు మెల్లగా. "ఆ పేరు నువ్వు చెబితే అబ్బాయి నింద నుంచి బయటపడతాడు. డిసెంబర్లో పెళ్ళి పెట్టేసుకుందాం."

"మరి నా రొయ్యలండీ?"

"రేపే పట్టించేయండి రాజు గారూ."

మందిరమంతా చెవులు రిక్కించింది. దానమ్మ గారు కళ్ళు మూసుకున్నారు.

"రాజరత్నం," అన్నారు. ఒక్క క్షణం ఆగి, సిగ్గుపడి, కలిపారు. "గారండీ."